మా పొగగొట్టంలో మసి

మొన్న అక్టోబర్లో మా ఇంటికి చిమ్నీ శుభ్రం చేసే పెద్దాయన వచ్చాడు. మేం మసాచుసెట్స్‌లో ఈ ఇల్లు కొనుక్కుని మూడేళ్ళవుతోంది. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్, అందులో ఇంతకుముందు ఉన్నవాళ్ళు బిగించి వెళ్ళిన ఇన్సర్ట్ ఉన్నాయి. ఇన్సర్ట్ అంటే గాజు తలుపున్న ఇనప పెట్టె. దాన్ని పాత ఫైర్‌ప్లేస్ నోట్లోకి దూర్చి, దాని నెత్తి మీద నుంచి చిమ్నీ చివరిదాకా ఒక స్టీలు గొట్టం వేస్తారు. కట్టెలు ఆ పెట్టెలోనే మండుతాయి. ఇల్లు కొన్నప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కట్టెల మంట చూస్తే మామ్మ వంటిల్లే గుర్తొచ్చేది మరి.

రెండు చలికాలాలు హాయిగా మంట వేసుకున్నాం. శుభ్రం చేయించాలన్న సంగతి మా వారికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. గాజు నల్లబడితే తుడిచేదాన్ని, బూడిద నిండితే ఎత్తేదాన్ని. లోపల గొట్టం సంగతి ఎవరాలోచించారు?

ఆయన నేల మీద దుప్పట్లు పరిచి, పెట్టె లోపల పైన అడ్డంగా ఉండే పలక (దాన్ని బాఫిల్ అంటారట) తీసి, గొట్టంలోకి చిన్న కెమెరా పంపించాడు. ఫోన్లో చూపించాడు. నేను మసి ఉంటుందనుకున్నాను. మసి కాదు, తారు! రోడ్డు వేసేటప్పుడు పోసే తారులాగా, నల్లగా మెరుస్తూ గొట్టం గోడలకి కారి గట్టిపడిపోయింది. "ఇది అంటుకుని ఉంటే రైలు వెళ్తున్న చప్పుడు వచ్చేది, తెల్లారేసరికి మీకు పైకప్పు ఉండేది కాదు" అన్నాడు, చాలా మామూలుగా. మా చిన్నవాడు అప్పుడే స్కూలు నుంచి వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. పుస్తకాల సంచీ అక్కడ పడేసి, టార్చి తీసుకుని, తలా భుజాలూ పెట్టెలోకి దూర్చి పైకి చూడబోయాడు. "ఇవతలకి రా నాన్నా" అని కాలు పట్టుకుని లాగేశాను. ఆ పెద్దాయన నవ్వి, "రెండొందల ఏళ్ళ క్రితం అయితే ఆ పని నేను కాదు, మీ అబ్బాయే చేసేవాడు" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ నెలంతా లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివింది మీతో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

యూరప్‌లో కూడా మొదట్లో పొగగొట్టాలు లేవు. ఇంటి మధ్యలో మంట వేసేవారు, పొగ కప్పులోంచి పోయేది. అచ్చం మన పెంకుటిళ్ళలాగే. గోడలో కట్టిన చిమ్నీలు 12వ శతాబ్దం నుంచి కోటల్లో కనిపిస్తాయి. మామూలు ఇళ్ళకి రావడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు పట్టింది. 1662లో ఇంగ్లండ్‌లో పొయ్యి పన్ను కూడా వేశారు. ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. లెక్కపెట్టడానికి మనుషులు ఇళ్ళలోకి వచ్చి చూస్తుంటే జనానికి ఒళ్ళు మండిపోయేది. చివరికి 1689లో తీసేశారు.

ఈలోగా కట్టెలు తగ్గి బొగ్గు వచ్చింది. 1666లో లండన్ తగలబడిపోయాక ఇళ్ళన్నీ ఇటుకతో కట్టారు, గదిగదికీ పొయ్యి పెట్టారు. బొగ్గుకి సన్నటి గొట్టం చాలు. తొమ్మిది అంగుళాలు ఒక పక్క, పద్నాలుగు అంగుళాలు ఇంకో పక్క ఉండే గొట్టాలు మామూలైపోయాయి. అవి తిన్నగా కూడా ఉండేవి కావు, వంకర్లు తిరుగుతూ పోయేవి. బొగ్గు మసి తొందరగా పేరుకుంటుంది. తీయకపోతే అంటుకుంటుంది. మరి అంత సన్నటి, వంకర గొట్టంలోకి ఎవరు వెళ్తారు?

పిల్లలు వెళ్ళేవారు. ఐదారేళ్ళ పిల్లలు. అనాథలనో, పేదవాళ్ళ బిడ్డలనో మేస్త్రీలు పని నేర్పిస్తామని తీసుకునేవారు. కొందరిని కన్నవాళ్ళే డబ్బు తీసుకుని అప్పగించేవారు. వాడు టోపీ ముఖం మీదకి లాక్కుని, మోచేతులూ మోకాళ్ళూ గోడలకి తన్నిపెట్టి, గొంగళిపురుగులా పైకి పాకుతూ మసి గీకేవాడు. మోచేతులు, మోకాళ్ళ చర్మం ఊడిపోయేది. అది గట్టిపడాలని, మంట దగ్గర నిలబెట్టి ఉప్పునీళ్ళు రుద్దేవారు. ఈ వాక్యం చదివిన రాత్రి పుస్తకం మూసేసి, వెళ్ళి మా వాడి దుప్పటి సర్ది వచ్చాను.

1775లో పర్సివల్ పాట్ అనే లండన్ డాక్టరు ఒక సంగతి రాశాడు. చిమ్నీలు ఊడ్చి పెద్దవాళ్ళైన మగవాళ్ళకి మర్మావయవం దగ్గర ఒక రకం కాన్సర్ వస్తోందని, దానికి కారణం చర్మం మడతల్లో చేరిన మసేనని. ఫలానా పని వల్ల ఫలానా కాన్సర్ వస్తుందని వైద్యులు గుర్తించిన మొదటి సందర్భాల్లో ఇదొకటి. ఆ పిల్లలకి స్నానం కూడా అరుదే. మసి గోతాల మీదే పడుకునేవారు.

పొయ్యిల గురించి ఆలోచించిన మేధావులు లేక కాదు. మన ఇన్సర్ట్‌కి ముత్తాత లాంటిది బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన పొయ్యి. 1744లో దాని గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. ఫైర్‌ప్లేస్‌లో మంట వేస్తే వేడి అంతా పొగతోపాటు పైకి పోతుంది, కూర్చున్నవాళ్ళ ముఖం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది, అందుకని ఇనప పెట్టెలో మంట పెడదామన్నాడు. పేటెంటు ఇస్తామన్నా వద్దన్నాడు, అందరికీ పనికిరావాలని. కాకపోతే ఆయన పెట్టెలో పొగ సరిగ్గా పైకి పోయేది కాదు, తర్వాతవాళ్ళు దిద్దుకోవాల్సి వచ్చింది.

ఇంకొకాయన మా పక్క ఊరాయనే. మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో 1753లో పుట్టిన బెంజమిన్ థాంప్సన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ పక్షం పట్టి, దేశం వదిలి వెళ్ళి, తర్వాత కౌంట్ రమ్‌ఫర్డ్ అయ్యాడు. లండన్ ఇళ్ళలో పొగ బాధ చూసి, పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడలు ఏటవాలుగా పెట్టి, పొగ పోయే గొంతు సన్నం చేశాడు. 1796లో ఆ పద్ధతి రాసి అచ్చు వేస్తే, డబ్బున్నవాళ్ళందరూ తమ ఫైర్‌ప్లేసులు అలా మార్పించుకున్నారు. గొంతు అంత సన్నమైతే ఊడ్చే పిల్లవాడు పైకి ఎలా వెళ్తాడు? ఆయన దానికీ ఉపాయం చెప్పాడు. పొయ్యి వెనక గోడలో కాస్త సందు వదిలి, తీసి పెట్టుకునేలా ఒక పలకరాయి పెట్టమన్నాడు. పిల్లవాడు వచ్చినప్పుడు రాయి తీయాలి, వాడు దిగాక మళ్ళీ పెట్టాలి.

నేను ఆ చోట చాలాసేపు ఆగిపోయాను. అంత తెలివైన మనిషి. వేడి ఎలా నడుస్తుందో, పొగ ఎలా నడుస్తుందో అన్నీ కనిపెట్టాడు. ఆ పిల్లవాడు ఎక్కకుండా ఎలా చేయాలన్నది మాత్రం ఆయన పనిలో భాగం అనిపించలేదు. వాడికోసం ఒక తలుపు పెట్టాడంతే.

చట్టాలు వచ్చాయి. 1788లో ఎనిమిదేళ్ళలోపు వాళ్ళని పెట్టుకోవద్దన్నారు. 1834లో పదేళ్ళన్నారు. 1840లో 21 ఏళ్ళలోపు ఎవరూ చిమ్నీ ఎక్కకూడదన్నారు. ఎవరూ వినలేదు. నిజానికి పిల్లల అవసరం తీరిపోయి అప్పటికే చాలా ఏళ్ళైంది. 1803లో జార్జ్ స్మార్ట్ అనే ఆయన గొట్టాలు ఒకదాంట్లో ఒకటి అమర్చి, కొసకి బ్రష్ పెట్టి, కింద నుంచే ఊడ్చే పరికరం చేశాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని ఇంకా బాగుచేసి, వంగే బెత్తం కర్రలతో తయారుచేశాడు. మా ఇంటికొచ్చిన ఆయన కర్రలు ఫైబర్‌వి, కానీ పద్ధతి అదే. అంటే మార్గం ఉంది. వాడలేదు. ఎందుకట? బ్రష్ అయితే మసి రాలి తివాచీలు పాడవుతాయని, పిల్లవాడైతే మూలమూలా తీస్తాడని, ఇంటి యజమానులూ ఇల్లాళ్ళూ కూడా పిల్లవాడినే పంపమనేవారట. ఇల్లాళ్ళు అన్న మాట దగ్గర నాకు గుండె కలుక్కుమంది. తమ పిల్లల్ని పక్కగదిలో పడుకోబెట్టి, ఇంకొకరి పిల్లవాడిని గొట్టంలోకి పంపారన్నమాట. నేనైతే పంపేదాన్ని కాదని ధైర్యంగా అనలేను. అందరిళ్ళలోనూ జరిగేది తప్పుగా కనిపించదు కదా.

1863లో చార్లెస్ కింగ్‌స్లీ రాసిన 'ది వాటర్ బేబీస్' అనే పిల్లల నవలలో కథానాయకుడు చిమ్నీ ఊడ్చే టామ్ అనే కుర్రాడే. ఆ మరుసటి ఏడు ఇంకో చట్టం వచ్చింది. అదీ పనిచేయలేదు. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ దగ్గర ఒక ఆసుపత్రి పొగగొట్టం ఊడ్చడానికి మేస్త్రీ జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడిని ఎక్కించాడు. వాడు మధ్యలో ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, కాసేపటికే ప్రాణం పోయింది. మేస్త్రీకి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. ఎన్నో ఏళ్ళుగా ఈ పిల్లల కోసం పోరాడుతున్న లార్డ్ షాఫ్ట్స్‌బరీ మళ్ళీ పట్టుబట్టి, చిమ్నీ పనివాళ్ళందరూ ఏటా లైసెన్సు తీసుకోవాలని, పోలీసులే అమలు చూడాలని అదే ఏడాది చట్టం తెచ్చాడు. దాంతో ఆగింది. 1788 నుంచి 1875 దాకా, 87 ఏళ్ళు పట్టింది.

జార్జ్ వయసు పదకొండు.

అమెరికా ఇందులో మెరుగేమీ కాదు. న్యూయార్క్, చార్లెస్టన్ లాంటి నగరాల్లో ఈ పని ఎక్కువగా నల్లజాతి పిల్లలే చేశారు. వాళ్ళలో బానిసలుగా ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. మాది విజయనగరం జిల్లాలో చిన్న పల్లెటూరు. మామ్మ, అమ్మ ఇద్దరూ కట్టెల పొయ్యి మీదే వండారు. పొయ్యి మీద అటకకి విత్తనాల మొక్కజొన్న పొత్తులు కట్టి ఉండేవి, పొగకి పురుగు పట్టదని. గోడలు, వాసాలు అన్నీ నల్లగా నిగనిగలాడుతుండేవి. ఊదుడుగొట్టంతో ఊది ఊది కళ్ళు తుడుచుకుంటూ వండటమే వంట అనుకున్నాం. నాలుగేళ్ళ క్రితం అమ్మకి ఆయాసం ఎక్కువైతే విశాఖపట్నం తీసుకెళ్ళారు. డాక్టరుగారు "చుట్ట తాగేవారా అమ్మా?" అని అడిగారు. మా వైపు పెద్దాడవాళ్ళలో అడ్డచుట్ట అలవాటు ఉండేది కాబట్టి ఆ ప్రశ్న సబబే. అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. సీఓపీడీ అన్నారు. పొయ్యి పొగ వల్ల అన్నారు. ఇళ్ళలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మనవాళ్ళు ఎందరో.

మన దగ్గరా ఆలోచించినవాళ్ళున్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు మట్టితో కట్టుకునే పొగలేని పొయ్యి తయారుచేశారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకోవచ్చు, పొగ చివరి గిన్నె దాటి గొట్టంలోంచి బయటికి పోతుంది. 1953లో దాని మీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా వేశారు. కోట్ల మంది ఇళ్ళకి పొగలేని వంటిల్లు కావాలన్నదే ఆ పుస్తకం పేరు. ఇదంతా మసాచుసెట్స్‌లో కూర్చుని చదివి తెలుసుకున్నందుకు కాస్త సిగ్గేసింది.

1980లలో ప్రభుత్వం మెరుగైన పొయ్యిలు పంచినప్పుడు మా ఇంట్లోనూ అలాంటిది కట్టారు. సిమెంటు గొట్టం కప్పులోంచి బయటికి పెట్టారు. మొదటి నెలలు వంటిల్లు తేటగా ఉందని మామ్మ మురిసిపోయింది. తర్వాత గొట్టం పూడుకుపోయింది. దాన్ని ఎప్పుడు, దేంతో, ఎలా శుభ్రం చేయాలో వచ్చినవాళ్ళు చెప్పలేదు. చెప్పినా నాన్నకి చెప్పి ఉంటారేమో, పొయ్యి ముందు కూర్చునేది ఆయన కాదుగా. పొగ మళ్ళీ ఇంట్లోకే రావడం మొదలుపెట్టింది. ఒక వర్షాకాలం గొట్టం ఊడిపోయింది, పొయ్యి పగలగొట్టి మామ్మ మళ్ళీ పాత పొయ్యే వేసుకుంది. ఆడవాళ్ళు పాత అలవాట్లు మానరని ఊళ్ళో నవ్వారు. ఒక చీపురుపుల్లల కట్టా, పది నిమిషాల వివరమూ దొరికి ఉంటే అమ్మ ఊపిరితిత్తులు ఇప్పుడు ఇంకోలా ఉండేవేమో.

మా ఇంటి తారు సంగతికొస్తే, తప్పంతా మాదే. కట్టెపొగలో ఉండే నీటి ఆవిరి, తారు ఆవిర్లు చల్లటి గొట్టానికి తగిలి పేరుకుంటే దాన్ని క్రియోసోట్ అంటారు. మొదట పొడిలా ఉంటుంది, బ్రష్‌కి వచ్చేస్తుంది. తర్వాత పెళుసు పెచ్చులు. ఆ తర్వాత ఈ మెరిసే తారు. పచ్చి కట్టెలు కాల్చినా, రాత్రంతా మంట నిలవాలని గాలి మూసేసినా అది తయారవుతుంది. మేం రెండూ చేశాం. చవగ్గా వచ్చాయని అప్పుడే కొట్టిన కట్టెలు కొన్నాం, పడుకునే ముందు గాలి మీట పూర్తిగా మూసేశాం. 1973లో చమురు ధరలు పెరిగి జనం కట్టెల పొయ్యిల మీద పడ్డప్పుడు ఈ దేశంలో ఎంతోమంది చేసిన తప్పే ఇది. అప్పుడు చిమ్నీ మంటలూ, ఊళ్ళ మీద పొగా పెరిగాకే 1988లో పొయ్యి పొగకి కేంద్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. మామూలు పొయ్యికి గంటకి ఏడున్నర గ్రాములు. 2020 నుంచి కొత్త పొయ్యిలకి అది రెండు గ్రాములు.

ఇంకో మాట దాచుకోలేను. మొదటి చలికాలం అమ్మ మా దగ్గరికి వచ్చింది. మంట ముందే కూర్చునేది, దగ్గుతూనే ఉండేది. చలికి అనుకున్నాం. మొన్న ఆ పెద్దాయన తలుపు అంచున ఉండే తాడులాంటి గాస్కెట్ చూపించాడు. అరిగి చదునైపోయింది. తలుపు తీసినప్పుడల్లా, మూసినప్పుడూ కాస్త కాస్త పొగ గదిలోకి వస్తూనే ఉందన్నమాట. మంట ముందు హాయిగా ఉంటుందని అమ్మని నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

తారు ఒక్కరోజులో పోలేదు. మందు చల్లి, ఆగి, మళ్ళీ వచ్చి, రెండుసార్లలో తీశాడు. నెలరోజులు మంట వేయలేదు. నేను మాత్రం ఆయన పక్కన నిలబడి అన్నీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఏడాదికోసారి, చలికాలం రాకముందే, చిమ్నీ చూపించాలి. మంట తక్కువ వేసుకున్నా సరే. గొట్టంలో పేరుకున్నది మూడు మిల్లీమీటర్లు ఉంటే ఊడ్పించాల్సిందే. పైన టోపీకి ఉండే జాలీ మూసుకుపోయిందేమో కూడా చూడమనాలి.

కట్టెలు చీల్చి, గాలి తగిలేలా పేర్చి, కనీసం ఆరు నెలలు ఎండనివ్వాలి. ఓక్ కట్టెకి ఇంకా ఎక్కువ. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, అప్పుడే చీల్చిన ముఖం మీద పెడితే 20 శాతం లోపు చూపించాలి.

మంట చిన్నదైనా చురుగ్గా మండాలి. గాలి మూసి పొగబెట్టకూడదు. గాజు తొందరగా నల్లబడుతోందంటే గొట్టమూ నల్లబడుతోందని అర్థం.

గాస్కెట్ పరీక్షకి తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. ఊరికే వచ్చేస్తే మార్చే టైమైంది.

బూడిద మూత ఉన్న ఇనప డబ్బాలోకే ఎత్తాలి. డబ్బా ఇంటికి దూరంగా, బయట, రాతి మీద పెట్టాలి. చెక్క అరుగు మీద వద్దు, నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. పొయ్యిలో అడుగున అంగుళం బూడిద వదిలేస్తే మంట బాగుంటుంది. గాజు తుడవడానికి మందులు కొనక్కర్లేదు. తడి కాగితాన్ని మెత్తటి బూడిదలో అద్ది రుద్దితే చాలు. మామ్మ ఇత్తడి గిన్నెలు తోమింది అలాగే కదా!

పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉండాలి. గొట్టంలో హోరుమని చప్పుడొస్తే తలుపూ గాలీ మూసేసి, అందరూ బయటికి వచ్చి, ఫైర్ వాళ్ళకి ఫోన్ చేయాలి. నీళ్ళు పోయకూడదు.

నోట్‌బుక్‌లో మొదటి పేజీలో తారీఖు వేశాను. ఈ పని ఇకమీదట "ఎవరో చూస్తారులే" అనుకునే పని కాదు. మా వారిదీ నాదీ.

అమ్మ డిసెంబర్లో మళ్ళీ వస్తోంది. ఈసారి కుర్చీ మంటకి దూరంగా, కిటికీ పక్కన వేస్తాను. తనున్నన్నాళ్ళూ మంట వేయకూడదనే మా ఆలోచన. ఆ మాట ఫోన్లో చెబితే, "పొగకి నాను భయపడతానేటే?" అని నవ్వింది. గొట్టం శుభ్రం చేయించామని, ఇంత తారు వచ్చిందని చెప్పాను. అటుపక్క కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది, "అంతెత్తు గొట్టంలోకి ఎవులెక్కారే?"

"ఎవరూ ఎక్కలేదమ్మా, బ్రష్‌తో చేశారు" అన్నాను. "పోన్లే" అంది.